ముప్పావు లీటరు పథకం

నిప్పులపాడులోని వడగాడ్పుల ముందస్తు హెచ్చరిక కేంద్రాన్ని పల్లెత్తు మాట అన్నవాళ్లు ఆ ఊళ్లో ఒక్కరూ లేరు. అలాంటి కేంద్రం ఒకటుందని తెలిస్తే కదా అనడానికి! ప్రభుత్వం దృష్టిలో మాత్రం అది ఆదర్శ కేంద్రం. దాన్ని పెట్టిన నాటినుంచి ఆ జిల్లాలో వడగాడ్పు వీచిన దాఖలా ఒక్కటీ లేదు. డైరెక్టరు చిదంబరేశ్వరరావుగారి గదిలో గోడ పొడుగునా ప్రశంసాపత్రాలు వేలాడుతుంటాయి.

ఈ ఘనతకు కారణం చాలా చిన్నది. వడగాడ్పు ఉందో లేదో లెక్కగట్టి చెప్పాల్సింది అక్కడున్న పెద్ద కంప్యూటరు. ఎండ ఓ మోస్తరుగా ఉన్నన్నాళ్లూ అది బుద్ధిగా పనిచేసి ‘వడగాడ్పు లేదు’ అని అచ్చుకొట్టి ఇచ్చేది. ఎండ నిజంగా ముదిరిందా, వేడెక్కిపోయి కళ్లు తేలేసేది. కంప్యూటరు అచ్చుకొట్టందే హెచ్చరిక లేదు. హెచ్చరిక రాందే వడగాడ్పు లేదు. ఊళ్లో జనం మాడిపోతున్నారంటే అది వాళ్ల సొంత వ్యవహారం.

ఆ గదికి ఏసీ పెట్టిస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. కంప్యూటరును చూసుకునే భ్రమరాంబకూ అనిపించింది. కానీ ఏసీ అనేది జీతం స్కేలును బట్టి ఇచ్చేది. డైరెక్టరుగారికి స్కేలుంది గనక ఆయన గదిలో ఏసీ ఉంది. కంప్యూటరుకు స్కేలు లేదు. అది ఏ క్యాడరు కిందికి వస్తుందో తేల్చమని పైకి పంపిన ఫైలు పైనే ఉండిపోయింది.

భ్రమరాంబ పేరుకు సాంకేతిక అధికారేగానీ గెజిటెడ్ కాదు. అంటే పని ఆమెది, సంతకం ఇంకొకరిది. ఆ సంగతికి ఆమెకు పెద్దగా బాధలేదు. బాధంతా అటెండరు కోటమ్మ రోజూ పొద్దున్నే వేసే ప్రశ్నతోనే.

“మేడంగోరూ, ఇయ్యాల మా ఆయన్ని యార్డుకి పంపమంటారా, వొద్దంటారా?”

కోటమ్మ మొగుడు ఏసోబు పక్కనే ఉన్న మిర్చి యార్డులో హమాలీ. కేంద్రం హెచ్చరిక ఇస్తే యార్డులో మధ్యాహ్నం పన్నెండు మొదలు నాలుగు దాకా ఎవరిచేతా మూటలు మోయించకూడదని నిబంధన ఉంది. ఇవ్వకపోతే మోయాల్సిందే. కిందటి వేసవిలో ఏసోబు మిరపకాయల బస్తా వీపుమీదుండగానే కుప్పకూలాడు. ఆస్పత్రిలో కళ్లు తెరిచాక భార్యను చూసి “ఎవరమ్మా నువ్వు?” అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు కోటమ్మ నవ్వుతుంది. వినేటప్పుడు భ్రమరాంబకు మాత్రం గుండె కలుక్కుమంటుంది. ఈ వేసవికైనా ఆ కంప్యూటరు నడిచి తీరాలని ఆమె పంతం పట్టింది.

దారి ఆమెకు తెలుసు. మండిపోయే కంప్యూటర్లను నీళ్లతో చల్లబరిచే ఏర్పాటు ఒకటుంది. విడిభాగాలు విడిగా కొనుక్కుని మనమే బిగించుకోవచ్చు. వేడెక్కే చిప్పు మీద చిన్న రాగి దిమ్మె కూర్చుంటుంది. దాని గుండా పారే నీళ్లు వేడిని లాక్కుపోయి రేడియేటరులో వదిలేస్తాయి. అక్కడ ఫ్యాన్లు ఆ వేడిని ఊదేస్తే, చల్లబడ్డ నీళ్లు మళ్లీ వెనక్కొస్తాయి. భ్రమరాంబ వారం రోజులపాటు తిండి మీద ధ్యాస లేకుండా భాగాలు ఎంచింది. అరచేతిలో ఇమిడే పంపు. చప్పుడు చెయ్యని బుల్లి ఫ్యాన్లు. చిటికెనవేలంత గొట్టం. గొట్టం మూతికీ దిమ్మె మూతికీ నూలుపోగంత తేడా రాకుండా చూసుకుంది. తొట్టి అంటారా, కాఫీ హోటలు గ్లాసంత. మొత్తం ఏర్పాటులో తిరిగే నీళ్లు ముప్పావు లీటరు.

అంతవరకూ బాగానే చేసింది. ఆపైన కాస్త తెలివి చూపించింది. అదీ వచ్చిన చిక్కు.

ఆ ఏడాది ప్రభుత్వం ‘జల సంకల్ప వత్సరం’ జరుపుతోంది. ఫైలు మీద ‘జల’ అన్న మాటుంటే చాలు, అది రెక్కలొచ్చినట్టు కదిలేది. కొత్త బీరువాలు కావాల్సిన ఆఫీసువాళ్లు ‘జల పత్రాల భద్రత’ అని రాసి తెప్పించుకున్నారు. అది చూసి భ్రమరాంబ కూడా తన అర్జీకి ‘జల శీతలీకరణ వ్యవస్థ’ అని పేరు పెట్టింది. ఫైలు మర్నాడే కదిలింది. కొరివితో తల గోక్కున్నానని ఆమెకు తెలిసేసరికి కొనుగోళ్ల కమిటీ సమావేశమై కూర్చుంది.

కమిటీకి పెద్ద వామనమూర్తిగారు. కొనుగోళ్ల సలహాదారు. రిటైరయ్యాక కూడా ఆయన్ని వదులుకోలేక ప్రభుత్వం మళ్లీ పిలిపించుకుంది. ఆయన ప్రతి వాక్యానికీ ముందు ‘సూత్రప్రాయంగా’ అంటారు, అలా అంటే తర్వాత ఏమన్నా ఫరవాలేదని.

“సూత్రప్రాయంగా ఇది సముచితమైన ప్రతిపాదనే. సదరు పథకంవల్ల వినియోగంలోకి వచ్చే జలం ఎంత?” అన్నారు.

“ముప్పావు లీటరు సార్,” అంది భ్రమరాంబ.

చిదంబరేశ్వరరావుగారు సిగ్గుతో తల దించుకున్నారు.

“జల సంకల్ప వత్సర మార్గదర్శకాల ప్రకారం వెయ్యి లీటర్లకు తక్కువైన పథకం పథకమే కాదు. మీరు వేల నుంచి లెక్క మొదలుపెట్టాలి. ముప్పావు లీటరని పైకి రాస్తే మనల్ని మనుషులుగా చూస్తారా?” అన్నారు వామనమూర్తిగారు.

“కంప్యూటరు అంతకన్నా తాగదు సార్.”

“తాగకపోవడం కంప్యూటరు లోపం. పథకం లోపం కారాదు.”

తొట్టి వెయ్యి లీటర్లదిగా సవరించారు. తొట్టి పెరిగాక పంపు అరచేతిలో ఇమిడితే బాగుండదు కదా! ఆమోదిత ధరల పట్టికలో అన్నిటికన్నా చిన్న పంపు పొలాల్లో పెట్టే ఐదు హార్సు పవరుది. దానికి తగ్గ గొట్టం ఆరంగుళాలది. పట్టికలో ఉన్న రేడియేటరు ఒక్కటే, లారీలకు వేసేది. ఫ్యానంటే పెళ్లిపందిట్లో నిలబెట్టే ఫ్యాను. ఇక రాగి దిమ్మె దగ్గర కాసేపు తర్జనభర్జన జరిగింది. పట్టికలో రాగి అన్న పదార్థం దేవాలయ పాత్రల కింద మాత్రమే ఉంది. చెంబు, గంగాళం, బిందె. కమిటీ బాగా ఆలోచించి బిందెను ఎంపిక చేసింది.

“బిందెను చిప్పు మీద ఎలా కూర్చోబెడతాం సార్?” అంది భ్రమరాంబ, ఏడుపు ఆపుకుంటూ.

“కింద చుట్టకుదురు పెట్టండి,” అన్నారు చిదంబరేశ్వరరావుగారు. అంత సాంకేతికమైన మాట ఆయన నోట రావడం అందరికీ సంతోషం కలిగించింది.

“ఆరంగుళాల గొట్టం బిందె మూతికి పట్టదు. బిందెకు నీళ్లు బయటికి పోయే దారే లేదు. ఏ భాగమూ ఇంకో భాగంతో కలవదు సార్.”

వామనమూర్తిగారు కళ్లజోడు తీసి ఆమెను జాలిగా చూశారు. “భాగాల కొనుగోలు ఈ ఆర్థిక సంవత్సరం అంశం. భాగాల అనుసంధానం వచ్చే ఆర్థిక సంవత్సరం అంశం. రెండింటినీ కలిపేస్తే ఆడిట్ వాళ్లు ఊరుకోరమ్మా.”

ఆ తర్వాత కమిటీ ఉత్సాహంగా చర్చించింది నీళ్ల రంగును. ఇలాంటి ఏర్పాట్లలో కొందరు నీళ్లకు రంగు కలుపుతారని భ్రమరాంబ ఎక్కడో ఒక మూల రాసింది. సభ్యులు ఒక్కసారిగా లేచి కూర్చున్నారు. పసుపు అన్నారు ఒకరు. మిగతావాళ్లు భయంగా తలుపు వైపు చూశారు. నీలం అన్నారు ఇంకొకరు. వెంటనే నాలుక కరుచుకున్నారు. ఎరుపు, ఆకుపచ్చ, కాషాయం, గులాబీ, ఏ రంగు తీసుకున్నా దానికో జెండా ఉంది. చివరికి రంగు లేకుండానే ఉంచుదామన్నారు. “ఏ రంగూ లేదంటే తటస్థ వైఖరి అవుతుంది, దానికి ప్రభుత్వ అనుమతి కావాలి,” అని వామనమూర్తిగారు సందేహం వెలిబుచ్చారు. అనుమతికి రాశారు. భోజనాలయ్యాయి.

ఈలోగా చైత్రం వెళ్లి వైశాఖం వచ్చింది. ఎండలు నిప్పులు చెరిగాయి. కంప్యూటరు తన అలవాటు ప్రకారం మూర్ఛపోయింది. ఒకరోజు ఏసోబు యార్డు నుంచి కాళ్లు కొంకర్లు పోయి రిక్షాలో ఇంటికొచ్చాడు. మర్నాడు పొద్దున కోటమ్మ ప్రశ్న అడగలేదు. ఊరికే వచ్చి భ్రమరాంబ ముందు నిలబడింది. భ్రమరాంబ తిన్నగా డైరెక్టరుగారి గదిలోకి వెళ్లింది.

“సార్, నిబంధనల్లో చివరి క్లాజు చూడండి. కంప్యూటరు పనిచెయ్యనప్పుడు గెజిటెడ్ అధికారి స్వానుభవంతో ధ్రువీకరించి వడగాడ్పు ప్రకటించవచ్చు. మీరొక్క సంతకం పెడితే చాలు.”

చిదంబరేశ్వరరావుగారు శాలువా సర్దుకున్నారు. ఆ గదిలో చలి ఎక్కువ. “పెడతాను, అదెంత భాగ్యం! కానీ స్వానుభవం అన్నారు కదమ్మా. నాకు ఎండ అనుభవంలోకి రాలేదే?”

“ఒక్కసారి వరండాలోకి వచ్చి చూడండి సార్.”

“ఈ ఎండలోనా?” అన్నారాయన, నిజంగానే హడలిపోయి.

ఆయన చెడ్డవాడు కాదు. పొద్దున ఇంటి దగ్గర ఏసీ కారెక్కి, ఆఫీసు పోర్టికోలో దిగి, సాయంత్రం పొద్దు వాలాక అదే కారెక్కే మనిషి. అబద్ధపు సంతకం పెట్టమంటే ఆయనకు మనస్సాక్షి ఒప్పదు. భ్రమరాంబ బయటికొచ్చి గట్టిగా తలుపు వేసింది.

విడిభాగాలు రానే వచ్చాయి. రేడియేటరు వచ్చింది, ముందర నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ కట్టి మరీ. ఐదుగురు మోసుకొచ్చిన పంపు వచ్చింది. ఊరేగింపులా గొట్టాలొచ్చాయి. డాబా మీద వెయ్యి లీటర్ల సిమెంటు తొట్టి లేచింది. సరిగ్గా అప్పుడే ఆడిట్ నుంచి అభ్యంతరం దిగింది. వెయ్యి లీటర్లకు లబ్ధిదారు ఒక్క కంప్యూటరేనా, ఇది వృథా కాదా అని. వామనమూర్తిగారు వెంటనే ఆఫీసు ఆవరణలో వేపచెట్టు కింద, దింపిన సామాను పక్కనే వరసగా కుళాయిలు పెట్టించి, ‘కంప్యూటరు మరియు ప్రజలు’ అని లబ్ధిదారుల కాలం నింపారు.

దాంతో అయిపోలేదు. భద్రతా విభాగం వాళ్లు వచ్చి చూసి, నీళ్ల దగ్గర విద్యుత్ పరికరం ఉండకూడదని కంప్యూటరును ఎత్తుకుపోయి స్టోరు గదిలో పడేశారు.

“పంపూ ఫ్యాన్లూ కరెంటు మీద నడిచేవే కదండీ?” అని భ్రమరాంబ వాళ్లవెంట పరుగెత్తింది.

“అవి పథకంలో భాగాలమ్మా. మీ ప్రతిపాదన తీసి చూడండి. భాగాల్లో కంప్యూటరు ఎక్కడుంది?”

చూసింది. నిజమే, లేదు. చల్లబరిచేవన్నీ రాసిందిగానీ చల్లబడాల్సినదాన్ని రాయలేదు. భ్రమరాంబకు నోట్లో పచ్చివెలక్కాయ పడినట్టయింది. కాసేపటికి ఎందుకో నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగకపోయేసరికి కోటమ్మ మంచినీళ్లు తెచ్చి తాగించింది. ఆ తర్వాత భ్రమరాంబ మొహంలో దిగులు కనపడలేదు. ఇంకేదో కనపడింది.

ప్రారంభోత్సవానికి ముహూర్తం కనుక్కోమని డైరెక్టరుగారు ఆమెకే పురమాయించారు. ఆమె పురోహితుణ్ణి కలిసి వచ్చింది.

“అభిజిత్ లగ్నం దివ్యంగా ఉందట సార్. ఏ దోషమూ అంటదట. మీకు ప్రమోషను యోగం కూడా ఉందన్నారు.”

“శుభం! ఎన్ని గంటలకు?”

“మిట్టమధ్యాహ్నం సార్. అభిజిత్తు అంటే అదే కదా.”

ప్రమోషను మాట చెవిన పడ్డాక ఇంక గంటలెవరికి వినపడతాయి?

ఆ రోజు చిదంబరేశ్వరరావుగారు నల్లకోటు, టై, నెత్తిన జరీ తలపాగాతో వచ్చారు. శిలాఫలకం మీద ఆయన పేరు చిన్నక్షరాల్లో ఉన్నా బంగారు రంగులో ఉంది. షామియానా వేశారుగానీ ముఖ్య అతిథి రాకుండా అందులో కూర్చోవడం ప్రోటోకాల్ కాదు. అధికారులంతా దండలు పట్టుకుని గేటు దగ్గర ఎండలో బారులు తీరారు. ముఖ్య అతిథి దారిలో ఇంకో ఐదు తొట్లు ప్రారంభించి రావాలి. పన్నెండయింది. దండల్లో బంతిపూలు వాడిపోయాయి. వామనమూర్తిగారు ‘సూత్రప్రాయంగా...’ అని మొదలుపెట్టి, తర్వాతి మాట దొరక్క నోరు మూసుకున్నారు.

“సార్, లోపలికి రండి,” అంది భ్రమరాంబ. ఆయన మొహం చూశాక ఆమెకు నిజంగానే భయమేసింది. ఇంత దాకా రావాలని ఆమె అనుకోలేదు. ఏదో కాస్త చెమటపడితే చాలనుకుంది.

“ముహూర్తం... దాటిపోతుందమ్మా,” అంటూనే చిదంబరేశ్వరరావుగారు పక్కకు వాలిపోయారు.

ఏసోబూ ఇంకో హమాలీ యార్డు గోడ మీంచి దూకి వచ్చారు. బస్తాలెత్తిన చేతులకు డైరెక్టరుగారొక లెక్కా! అమాంతం ఎత్తి వేపచెట్టు కింద పడుకోబెట్టారు. కోటు విప్పారు, టై లాగేశారు. భ్రమరాంబ తొట్టి గొట్టానికున్న పెద్ద వాల్వు తిప్పింది. ఆరంగుళాల గొట్టం ఒక్కసారిగా గొంతు విప్పింది. పొద్దున్నే నింపిన చల్లటి నీళ్లు తలమీంచి పాదాల దాకా ఆయన్ని ముంచెత్తాయి. పెళ్లిపందిరి ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. కోటమ్మ రాగి బిందెలోంచి గ్లాసుతో ముంచి ఆయన నోట్లో మంచినీళ్లు పోసింది. జల శీతలీకరణ వ్యవస్థ నిక్షేపంగా పనిచేసింది.

ఆయన కళ్లు తెరిచి, చుట్టూ చూసి, చంటిపిల్లాడిలా అన్నారు: “అబ్బ! బయట ఎండగా ఉందమ్మా!”

“స్వానుభవమేనా సార్?” అని భ్రమరాంబ కాగితం అందించింది.

“ఇంతకన్నా స్వానుభవం ఏముంటుంది! ఏదీ కలం?” తడిచేత్తోనే సంతకం గీకారు. ఆ జిల్లా చరిత్రలో మొదటి వడగాడ్పు అధికారికంగా వీచింది. కోటమ్మ బిందె కింద పెట్టి భ్రమరాంబను వాటేసుకుంది.

ఆ సంతోషం రాత్రి దాకానే నిలిచింది. పొద్దున వామనమూర్తిగారు పరిశీలించి సవరించిన ఉత్తర్వు వచ్చింది. ‘సదరు వడగాడ్పు ఒక గెజిటెడ్ అధికారి స్వానుభవంలోనికి మాత్రమే వచ్చియున్నందున, సదరు వడగాడ్పు గెజిటెడ్ అధికారులకు మాత్రమే వర్తించును. వారు మధ్యాహ్నం పన్నెండు నుండి నాలుగు వరకు ఇంటివద్ద విశ్రమించవలెను. ఇతరులకు ఎండ యథాతథం.’

భ్రమరాంబకు ఒళ్లు మండిపోయింది. కాగితం చించేద్దామనుకుంది. కోటమ్మకు ఏం చెప్పాలో తెలియక బల్లమీద తల పెట్టుకుని కూర్చుండిపోయింది. గడియారం పన్నెండు కొట్టింది. డైరెక్టరుగారు వెళ్లిపోయారు. వామనమూర్తిగారు వెళ్లిపోయారు. వీధిలో ఒకదాని వెనక ఒకటి ప్రభుత్వ కార్లు ఇళ్లదారి పట్టాయి.

కాసేపటికి బయట ఏదో సందడి. కోటమ్మ పరుగెత్తుకొచ్చింది. “మేడంగోరూ, యార్డు మూసేశారండీ! సెక్రట్రీగోరు ఇంటికెళ్లిపోయాడంట. ఆయన గజిటెడ్డంట కదా! ఆయన సంతకం లేందే కాటా తూకానికి చెల్లుబాటు లేదంటండీ. కాటా లేపోతే బస్తా కదలదు. నాలుగింటి దాకా అంతా ఎల్లిపొమ్మన్నారు. మిగిలింది నాలుగు దాటాక ఎత్తేత్తారంట!”

భ్రమరాంబ కిటికీలోంచి చూసింది. హమాలీలు గేటు తోసుకుని ఆవరణలోకి వస్తున్నారు. ఆడవాళ్లు తలకు చుట్టిన తడి తువ్వాళ్లు పిండుకుంటున్నారు. కుళాయిలన్నీ పారుతున్నాయి. ఎవరో పంపు వేశారు, లారీ రేడియేటరు మీంచి నీళ్లు జారుతుంటే దాని వెనక ఫ్యాన్లు చల్లటి తుంపర ఊదుతున్నాయి. ఏసోబు చుట్టకుదురు తలకింద పెట్టుకుని అప్పుడే గుర్రు మొదలుపెట్టాడు. అతని మెడ మీద బస్తా ఒరుసుకుపోయిన చోట చర్మం ఇంకా ఎర్రగానే ఉంది. భ్రమరాంబకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఆ నీళ్లతోనే నవ్వింది.

ఫోను మోగింది. వామనమూర్తిగారు ఇంటినుంచి.

“భ్రమరాంబగారూ, పైనుంచి అత్యవసరంగా అడుగుతున్నారు. ఈ క్షణాన పథకం లబ్ధిదారులు ఎందరో లెక్కపెట్టి పేర్లతో సహా చెప్పండి.”

“అందరూ నిద్రపోతున్నారు సార్.”

“లేపి అడగండి.”

భ్రమరాంబ గొంతు సవరించుకుంది. “సూత్రప్రాయంగా లేపవచ్చు సార్. కానీ లబ్ధిదారుణ్ణి ప్రయోజనం పొందుతుండగా మధ్యలో ఆపాలంటే గెజిటెడ్ అధికారి లిఖితపూర్వక ఉత్తర్వు కావాలి. అధికారి స్వయంగా వచ్చి ఇక్కడే సంతకం పెట్టాలి. మీరు వస్తారా?”

అవతల ఏసీ హోరు వినపడుతోంది.

“ఈ ఎండలోనా?” అన్నారు వామనమూర్తిగారు. “వద్దులెండి. నాలుగయ్యాక చూద్దాం.”

ఆమె ఫోను పెట్టేసి, చెప్పులు విప్పి, కుర్చీ ఈడ్చుకుంటూ వేపచెట్టు కిందికి వెళ్లింది. కోటమ్మ కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది.